అడుగున నిలిచే అడాప్టివ్ బ్యానర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గమనికలు రాసుకునే ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్‌ను నేనొక్కడినే నడుపుతున్నాను. దాని ఆదాయమంతా బ్యానర్ ప్రకటనల మీదే. మొదట్లో 320×50 డీపీ (తెర పిక్సెళ్ల సాంద్రతను బట్టి మారని కొలత) మామూలు బ్యానర్ పెట్టాను. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌మాబ్‌లో అడాప్టివ్ బ్యానర్లు, అంటే ఉన్న వెడల్పుకు తగ్గట్టు మారేవి, వచ్చాక తెర అడుగున నిలిచే రకానికి మారాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. సరుకు మంచిదే. కానీ దాని మంచిచెడ్డలు సగానికి పైగా మన లేఅవుట్ (తెర మీద భాగాల అమరిక) చేతిలోనే ఉంటాయి.

మామూలు బ్యానర్ 320 డీపీ దగ్గర ఆగిపోతుంది. వెడల్పాటి ఫోనులో రెండు పక్కలా ఖాళీ మిగిలి, గోడకు అంటించిన చీటీలా కనిపించేది. అడాప్టివ్‌కు వెడల్పు మనం చెబుతాం, ఎత్తు అదే తేల్చుకుంటుంది. నేను వాడే రకంలో ఎత్తు 50 డీపీకి తగ్గదు. తెర ఎత్తులో 15 శాతం, 90 డీపీ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటదు.

ఆ వెడల్పు చెప్పడంలోనే ఒక మెలిక ఉంది. చెప్పాల్సింది తెర వెడల్పు కాదు, బ్యానర్‌కు నిజంగా దక్కే వెడల్పు. బయటి లేఅవుట్‌కు రెండు వైపులా 16 డీపీ ప్యాడింగ్, అంటే అంచున వదిలే ఖాళీ, ఉందనుకోండి, 320 డీపీ తెర మీద మిగిలేది 288. అక్కడ 320 డీపీ బ్యానర్ అసలు కనిపించదు. యాప్ ఆగిపోదు, హెచ్చరికా రాదు, చోటు చాలలేదని డెవలపర్ మాత్రమే చూసే లాగ్‌లో ఒక్క వరుస పడుతుంది, అంతే. పెద్ద ఫోను మీదే పరీక్షించే డెవలపర్ కంట ఇది ఎప్పటికీ పడదు. ప్యాడింగ్‌ను బయటి లేఅవుట్ నుంచి తీసి లోపలి గమనికల జాబితాకు ఇస్తే చాలు.

ఇక చోటు సంగతి. పైనా, కిందా అని అందరూ వాదించుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: బ్యానర్ జాబితా పక్కన కూర్చుందా, జాబితా మీద కూర్చుందా? భాగాలను ఒకదాని మీద ఒకటి పేర్చే ఫ్రేమ్‌లేఅవుట్‌లో అడుగుకు అంటిస్తే చివరి గమనిక దాని కింద దాక్కుంటుంది. ఒక భాగం చోటును ఇంకోదాన్ని బట్టి చెప్పే రిలేటివ్‌లేఅవుట్‌లో బ్యానర్‌ను కిందికి దించి, జాబితాను దానికి పైన ఆపకపోయినా జరిగేది అదే. భాగాలను ఒకదాని కింద ఒకటి పెట్టే నిలువు లీనియర్‌లేఅవుట్‌లో జాబితాకు ఎత్తు 0 డీపీ, వెయిట్ 1 ఇచ్చి (అంటే మిగిలిన ఎత్తంతా దానికే), దాని తర్వాత బ్యానర్ పెట్టడం పాత పద్ధతే. ఇన్నాళ్లలో నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు.

ప్రకటన వచ్చేదాకా ఆ చోటును దాచి ఉంచే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. చివరి వరుసను తాకబోతున్న వేలి కిందికి సరిగ్గా ఆ క్షణంలో బ్యానర్ వచ్చి చేరుతుంది, తాకింది ప్రకటన అవుతుంది. పరిమాణం ముందే తెలుస్తుంది కాబట్టి అంత ఎత్తునూ మొదటి నుంచే కేటాయిస్తాను. నెట్ లేనప్పుడు అక్కడ ఖాళీ పట్టీ మిగులుతుంది. అందంగా ఉండదు, నిజమే. అయినా గంతులు వేసే జాబితా కంటే నయం.

కొత్త గమనిక కోసం కింద కుడివైపు ఉండే గుండ్రటి ప్లస్ బటన్‌ను కూడా పైనున్న టూల్‌బార్‌లోకి మార్చాను. బ్యానర్‌కు 16 డీపీ ఎడంగా ఉన్నా, బొటనవేలు జారితే పడేది ప్రకటన మీదే. మార్చాక క్లిక్కులు తగ్గాయి. తగ్గినవి పొరపాటు క్లిక్కులని నా నమ్మకం. చెల్లని క్లిక్కులుగా తేలిన వాటి డబ్బు ఎలాగూ ఖాతాలో నిలవదు. పైగా వేలు పొరపాటున తగిలేలా ప్రకటనను బటన్లకు ఆనించి పెట్టడం నియమాలకు విరుద్ధం.

ఆండ్రాయిడ్ 15 లక్ష్యంగా, అంటే ఏపీఐ 35కు (డెవలపర్లు ఆ వెర్షన్‌కు వాడే అంకె), యాప్‌ను మార్చినప్పుడు కాస్త పని పడింది. ఆ వెర్షన్‌లో తెర అంచు నుంచి అంచు దాకా యాప్‌దే కావడంతో, బ్యానర్ వెళ్లి నావిగేషన్ బార్ కింద చేరింది. విండో ఇన్‌సెట్స్ (సిస్టమ్ పట్టీలు ఆక్రమించే చోటు కొలతలు) నుంచి అడుగు కొలత తీసుకుని, బ్యానర్‌ను పట్టుకున్న పెట్టెకు ప్యాడింగ్‌గా ఇస్తే కుదురుకుంది. మూడు బటన్ల నావిగేషన్ ఉన్న ఫోనులో ఈ తేడా వెంటనే తెలుస్తుంది, సైగలతో నడిచే ఫోనులో కళ్లు పెట్టి చూడాలి.

రాసే పేజీలో మాత్రం బ్యానర్ పూర్తిగా తీసేశాను. కీబోర్డ్ తెరుచుకోగానే యాప్ విండో కుదించుకుని, బ్యానర్ వచ్చి కీబోర్డ్ పై వరుసకు ఆనుకుంటుంది. అక్కడ దానికి సరైన చోటంటూ లేదు. జాబితా మధ్యలో వచ్చే ఇన్‌లైన్ రకాన్ని కొన్నాళ్లు చూశాను. పొడవాటి వ్యాసాలకు సరిపోతుందేమో గానీ, రెండేసి వరుసల గమనికల మధ్య అది మరీ పెద్దది.

ఫోను అడ్డంగా తిప్పితే వెడల్పు మారుతుంది కాబట్టి పాత బ్యానర్‌ను తీసేసి, కొత్త కొలతతో మళ్లీ అడగాలి. అడ్డంగా ఉన్న చిన్న ఫోనులో 360 డీపీ ఎత్తులో 15 శాతమంటే 54. టూల్‌బార్‌కు 56, స్టేటస్ బార్‌కు మరికొంత పోతే గమనికలకు 226 డీపీ లోపే మిగులుతుంది. అందుకే చిన్న ఫోనులు అడ్డంగా ఉన్నంతసేపు ప్రకటన చూపించడం మానేశాను. టాబ్లెట్‌లో ఉంచాను.