పాత స్కోప్‌కి కొత్త బ్యాటరీ: నికెలా, లిథియమా?

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో మోటార్ డ్రైవ్‌లు చూడ్డానికి నేను మోసుకెళ్లే పాత చేతి స్కోప్ (వోల్టేజ్ అలల్ని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్) బ్యాటరీ మొన్న పూర్తిగా పోయింది. ప్యాక్ విప్పితే ఆరు నికెల్-కాడ్మియం సెల్స్, 7.2 వోల్టులు, రెండిటి మూతి దగ్గర తెల్లగా ఉప్పులా పేరుకుని ఉంది (అది క్షారం, గ్లవ్స్ వేసుకుని వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిస్తే పోతుంది).

నికెల్ మెటల్ హైడ్రైడ్ అయితే సెల్‌కి అదే 1.2 వోల్టులు, ఆరు వరసగా కలిపితే చాలు. పాత చార్జరూ పనికొస్తుంది, కాకపోతే టైమ్ లెక్క మారుతుంది: నా చార్జర్ ఇచ్చేది 120 మిల్లీఆంప్స్, పాత 1200 ఎంఏహెచ్ (మిల్లీఆంప్-అవర్, అంటే సెల్ కెపాసిటీ) సెల్స్‌కి 14 గంటలు పట్టేది, కొత్త 2000 ఎంఏహెచ్ సెల్స్‌కి దాదాపు 23 గంటలు. ట్యాగులున్న (వైర్ అతికించుకోడానికి రేకు ముక్కలు ముందే వెల్డ్ చేసిన) సెల్సే కొనండి, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. పాత ప్యాక్‌లో థర్మిస్టర్ (వేడిని పసిగట్టే చిన్న సెన్సర్) ఉంటే పారేయకుండా కొత్త సెల్స్ మధ్యలో అతికించండి.

లిథియం అయాన్ అయితే వరసగా రెండు 18650 సైజు సెల్స్ చాలు. ఫుల్‌గా 8.4, ఖాళీ అయితే 6 వోల్టులు, బరువూ తక్కువ, చూస్తే భలే కుదిరిందనిపిస్తుంది. చిక్కంతా చార్జర్‌తోనే. పాతది 8.4 దగ్గర ఆగదు, ఎక్కిస్తూనే పోతుంది. బీఎంఎస్ (లిథియం ప్యాక్‌ని కాపాడే సర్క్యూట్) ఉంది కదా అంటారు గానీ అది చివరి అడ్డుకట్టే, చార్జర్ పని చెయ్యదు. కాబట్టి వేరే చార్జర్, వేరే సాకెట్, అంటే బాడీకి ఇంకో రంధ్రం. పైగా మే నెల నల్లగొండ ఎండలో బండి డిక్కీలో లిథియం అంటే నాకు టెన్షనే.

నేను నికెలే పెట్టాను.