ఎక్స్1, క్యూ3, జీఎల్ఏ: మే నెల మధ్యాహ్నం ఏది మేలు?

ఏడాదిగా నన్ను అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే, మూడు చిన్న లగ్జరీ ఎస్‌యూవీ కార్ల గురించి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఆఫీసు క్యాంటీన్‌లో, మొన్న మేనకోడలి నిశ్చితార్థంలో భోజనాల దగ్గర కూడా. "ఎక్స్1 మంచిదా, క్యూ3 మంచిదా, జీఎల్ఏకి వెళ్లమంటావా?" ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి వదిలేయడం కన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

నేను పోయిన ఏడాది ఉగాదికి ముందు ఆడి క్యూ3 టెక్నాలజీ వేరియంట్ తీసుకున్నాను. మా బావగారిది బీఎండబ్ల్యూ ఎక్స్1 పెట్రోల్. ఆయన ఊరెళ్లినప్పుడు పది రోజులు అది నా దగ్గరే ఉంది. అమ్మానాన్నలను తీసుకుని శ్రీశైలం వెళ్లొచ్చింది కూడా అందులోనే. మెర్సిడెస్ జీఎల్ఏ మా ఆఫీసు స్నేహితుడిది. నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రెండు నెలలు ఇద్దరం కలిసి అందులో వెళ్లాం, వారంలో రెండు మూడు రోజులు నేనే నడిపేవాడిని. కాబట్టి ఇక్కడ రాసేది షోరూమ్‌లో పావుగంట కూర్చుని చెప్పే మాట కాదు.

ఇంజిన్ల సంగతి అడిగేవాళ్లకు ముందే తెలుసు. క్యూ3లో 2 లీటర్ల టర్బో పెట్రోల్, 190 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. ఎక్స్1 పెట్రోల్‌లో మూడు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజిన్, 136. జీఎల్ఏ 200లో 1.3 లీటర్, 163. నడపడంలో తేడా బాగానే తెలుస్తుంది. అయితే కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే 190 కూడా 136 లాగే పాకుతుంది. ఆ గంటా పావు మనం గడిపేది కారు లోపల. అందుకే లోపలి సంగతే రాస్తున్నాను.

మొదటి చూపులో గెలిచేది ఎక్స్1. ఇందులో నాకు సందేహం లేదు. తలుపు తీయగానే డ్రైవర్ వైపు వంపు తిరిగిన పొడవాటి స్క్రీన్ కనిపిస్తుంది. మీటర్లకు 10.25 అంగుళాలు, దాని పక్కనే టచ్ స్క్రీన్ 10.7 అంగుళాలు, రెండూ ఒకే అద్దం కింద. మధ్యలో గాల్లో తేలినట్టు ఉండే ఆర్మ్‌రెస్టు, ఫోను నిలబెట్టి పెట్టుకునే వైర్‌లెస్ ఛార్జర్, ఫోను జారిపోకుండా పట్టుకునే కడ్డీ. ముందు సీట్లలో మసాజ్ ఉంది. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి బయటపడి నడుము వాల్చినప్పుడు ఆ మసాజ్ విలువ తెలుస్తుంది. 12 స్పీకర్ల హర్మన్ కార్డన్ సిస్టమ్‌లో పాత ఇళయరాజా పాటలు వింటుంటే, వీణ ఒకవైపు, వయొలిన్లు ఒకవైపు విడివిడిగా వినిపించాయి. నా కారులో అంత స్పష్టత లేదు.

రాత్రి పూట గెలిచేది జీఎల్ఏ. విమానం ఇంజిన్ ఆకారంలో గుండ్రటి ఏసీ వెంట్లు, వాటి లోపలి నుంచి వెలుగు, 64 రంగుల్లో ఏది కావాలంటే అది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద రాత్రి వెళ్తుంటే బయటి దీపాలూ లోపలి దీపాలూ కలిసిపోయినట్టు ఉంటుంది. మా అమ్మాయి ఇప్పటికీ ఆ కారు గురించే అడుగుతుంది.

వీటి పక్కన పెడితే క్యూ3 పాతగా కనిపిస్తుంది. ఆ డిజైన్ 2018లో యూరప్‌లో బయటికొచ్చింది, మన దగ్గరికి 2022 ఆగస్టులో చేరింది. స్క్రీన్ 10.1 అంగుళాలే, డ్యాష్‌బోర్డులో బిగించినట్టు ఉంటుంది. దాని చుట్టూ నల్లటి నిగనిగల ప్లాస్టిక్, పొద్దున తుడిస్తే సాయంత్రానికి దుమ్ము. వెనక కెమెరా ఒక్కటే. ఇరవై లక్షల కార్లలో కూడా ఇస్తున్న 360 డిగ్రీల కెమెరా ఇందులో లేదు. యాభై లక్షలు దాటే ఆన్‌రోడ్ ధరకు ఇది నాకు నచ్చని విషయం.

అయినా అదే ఎందుకు తీసుకున్నానంటే, కారణం ఏసీ.

చల్లదనం గురించి కాదు, మూడింటిలోనూ ఏసీ బాగా పనిచేస్తుంది. నేను చెప్పేది ఏసీని తిప్పే నాబ్ గురించి. క్యూ3లో స్క్రీన్ కింద విడిగా ఒక ప్యానెల్ ఉంటుంది. అటొకటి ఇటొకటి గుండ్రటి నాబ్‌లు, మధ్యలో బటన్లు. తిప్పితే టక్కుటక్కుమని చేతికి తెలుస్తుంది. జీఎల్ఏలో కూడా స్క్రీన్ కింద వరుసగా స్విచ్‌లు ఉన్నాయి. ఎక్స్1లో ఇవి లేవు. టెంపరేచర్ స్క్రీన్ అడుగున ఎప్పుడూ కనిపిస్తుంది కానీ ఫ్యాను స్పీడు మార్చాలన్నా, గాలి కాళ్లకా ముఖానికా అన్నది మార్చాలన్నా మెనూ తెరవాలి.

ఇంత చిన్న విషయమా అంటారు. మా బావగారూ అదే అన్నారు. "ఆటోలో పెట్టి 23 దగ్గర వదిలెయ్, ఇంక ముట్టుకునే పనేముంది?" అని. చలి దేశాల్లో అది నిజమేనేమో. హైదరాబాద్ మే నెలలో కాదు. మధ్యాహ్నం రెండున్నరకు బయట 42 డిగ్రీలు. కారు పొద్దుటి నుంచి ఎండలోనే నిలబడి ఉంది. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఎక్కగానే ఫ్యాను ఫుల్లు పెడతాం. రెండు నిమిషాలకు ఫోను వస్తే మాట వినపడక తగ్గిస్తాం. పెట్టేశాక మళ్లీ పెంచుతాం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసరికి ఎండ నా వైపు పడుతుంది, కొల్లూరు దాటాక పక్క సీటు వైపు. అప్పుడు అటు తగ్గించి ఇటు పెంచాలి. పది నిమిషాలకు వెనక నుంచి అమ్మ, "నాన్నా, చలేస్తోందిరా, కాస్త తగ్గించు" అంటుంది. జులైలో వాన పడితే అద్దాలు మసకబారుతాయి, మళ్లీ చెయ్యి అక్కడికే వెళ్తుంది. అమ్మకు ఎప్పుడు చలేస్తుందో ఆటో మోడ్‌కు తెలియదు.

నేను ఒకరోజు లెక్కపెట్టాను. ఇంటి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు వెళ్లేలోపు ఏసీని పద్నాలుగు సార్లు ముట్టుకున్నాను. వాల్యూమ్‌ని ఆరుసార్లు. ఆ ప్రయాణంలో కారు లోపల వెలిగే ఆంబియంట్ లైటు రంగు ఒక్కసారి కూడా మార్చలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. మెనూ తెరిచి, ఫ్యాను గీత వెతికి, వేలు సరిగ్గా పెట్టడానికి రెండు సెకన్లు కళ్లు రోడ్డు మీద ఉండవు. అంటే 33 మీటర్లు చూడకుండా నడిపినట్టు. మన రోడ్ల మీద 33 మీటర్లలో ఏమేం జరుగుతాయో చెప్పక్కర్లేదు. రాంగ్ రూట్‌లో బైకు వస్తుంది, ఆటో ఉన్నట్టుండి ఆగుతుంది, డివైడర్ దాటి ఎవరో పరిగెత్తుకొస్తారు. బావగారి కారు నా దగ్గరున్న పది రోజుల్లో, కేపీహెచ్‌బీ దగ్గర సరిగ్గా ఇలాగే, ఫ్యాను తగ్గించడానికి తల తిప్పి మళ్లీ చూసేసరికి ముందు సిటీ బస్సు ఆగి ఉంది. బ్రేకు పడింది, ఏమీ కాలేదు. కానీ ఆ రోజే నా నిర్ణయం అయిపోయింది.

మాటతో చెప్పొచ్చు కదా అంటారు. "హే బీఎండబ్ల్యూ" అని పిలిచి టెంపరేచర్ తగ్గించమంటే తగ్గిస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే ఉంది. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్న మన ఇంటి కారులో ముందు అందరినీ ఆగమని, తర్వాత ఇంగ్లిష్‌లో కారుకు చెప్పాలి. నాబ్‌కు ఇదంతా అక్కర్లేదు.

ఇది నా ఒక్కడి పట్టుదల అనుకోకండి. యూరప్‌లో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి కొత్త నియమాలు పెట్టింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, ప్రమాదంలో సాయానికి చేసే ఎస్‌ఓఎస్ కాల్ వీటికి చేతికి అందే విడి కంట్రోల్స్ ఉండాలి, లేకపోతే ఐదు స్టార్లు కష్టం. ఆ జాబితాలో ఏసీ లేదు. మన వేసవిని చూసి రాసి ఉంటే తప్పకుండా చేర్చేవారు. 2025 జూన్‌లో ఆడి బయటపెట్టిన మూడో తరం క్యూ3లో ఏసీ కూడా స్క్రీన్‌లోకే వెళ్లిపోయింది. అది చూశాక నాకు నిజంగా బాధేసింది. నాబ్‌లు కావాలనుకునేవాళ్లకు నా దగ్గరున్న రెండో తరం మోడలే దారి.

మరి జీఎల్ఏలో స్విచ్‌లు ఉన్నాయి కదా? ఉన్నాయి, బాగున్నాయి. అన్నీ ఒకే ఆకారంలో ఉండడం వల్ల అలవాటు కావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, అంతే. అందులో నన్ను ఇబ్బంది పెట్టింది గేరు. మెర్సిడెస్‌లో గేరు స్టీరింగ్‌కు కుడివైపు కాడ మీద ఉంటుంది. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ ఉండేది సరిగ్గా అక్కడే. మొదటి వారం కుడి వైపు తిరగాలని చెయ్యి వేస్తే కారు న్యూట్రల్‌లో పడింది, రెండుసార్లు. ఇండికేటర్ ఎడమవైపు ఉండడం మూడు కార్లలోనూ ఉన్నదే, మిగతా రెండింట్లో పొరపాటున వైపర్ తిరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇంట్లో రెండు కార్లు ఉండి రెండూ మార్చి మార్చి నడిపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వెనక సీటు గురించి నిజాయితీగా చెప్పాలి, ఇక్కడ నా కారు ఓడిపోతుంది. శ్రీశైలం ప్రయాణంలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో వంపులు మొదలయ్యాక కూడా అమ్మ ఎక్స్1లో హాయిగా కూర్చుంది. తలుపు పెద్దగా తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. క్యూ3లో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వాలుతుంది, ఇద్దరికి బాగుంటుంది. మధ్యలో మాత్రం కింద ఎత్తు హంప్ ఉంది. నాలుగు చక్రాలకూ పవర్ పంపే షాఫ్ట్ అక్కడి నుంచే వెళ్తుంది మరి. మూడో మనిషి కాళ్లు చెరోవైపు పెట్టుకుని కూర్చోవాలి. జీఎల్ఏలో వెనక ఎక్కడం దిగడం అమ్మకు నచ్చలేదు, తల వంచాల్సి వచ్చింది. డ్రైవర్‌ను పెట్టుకుని మీరు వెనక కూర్చునేవాళ్లయితే, లేదా అమ్మానాన్నలు రోజూ కారెక్కేవాళ్లయితే, నేను రాసిన నాబ్‌ల సంగతి పక్కన పెట్టి ఎక్స్1 తీసుకోండి. మా ఇంట్లో వాళ్లు నెలకు రెండుసార్లు ఎక్కుతారు, నేను రోజూ నడుపుతాను. నా లెక్క వేరు.

మూడింటిలోనూ లేనిది ఒకటుంది, చల్లగాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్లు. వీటి ధరలో మూడో వంతుకే దొరికే హ్యుందాయ్ వెర్నాలో, కియా సెల్టోస్‌లో అవి ఉన్నాయి. మూడింటికీ పైన పెద్ద అద్దాల సన్‌రూఫ్ మాత్రం ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాని తెర మూసే ఉంచుతాను, అయినా నడినెత్తిన వేడి తెలుస్తూనే ఉంటుంది. ఈ ఊరికి సీట్లలో గాలి ఇచ్చి సన్‌రూఫ్ తీసేసినా నేను సంతోషంగా కొనేవాడిని.

మిగతావాటి గురించి రెండు మాటలు. మెర్సిడెస్ ఏ క్లాస్ లిమోజిన్, బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే అందమైన సెడాన్ కార్లే. మా కాలనీ స్పీడ్ బ్రేకర్లకూ అమ్మ మోకాళ్లకూ ఎత్తు చాలదు, అందుకే ముందే వదిలేశాను. కరెంటు కారుకు సిద్ధమైతే ఎక్స్1కే ఎలక్ట్రిక్ రూపమైన ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ చూడండి. 2025 జనవరిలో 49 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది. చక్రాల మధ్య దూరం 2800 మిల్లీమీటర్లు, వెనక కాళ్లు చాపుకునేంత చోటు. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబరు 31 వరకూ రోడ్ టాక్స్ లేదు, ఈ ధర కారుకు అది లక్షల్లో మిగులు. ఏసీ మాత్రం అందులోనూ స్క్రీన్‌లోనే.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు మధ్యాహ్నం రెండింటికి అడగండి. "పొద్దున రండి సార్, ట్రాఫిక్ ఉండదు" అంటారు. నన్ను ఒక షోరూమ్ వాళ్లు అలా రెండుసార్లు వాయిదా వేశారు. మూడోసారి నేను చెప్పకుండా అమ్మను వెంటబెట్టుకుని రెండున్నరకే వెళ్లాను. కారును పావుగంట ఎండలో పెట్టించాను. ఆ తర్వాతే ఎక్కి, మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక ఫ్యాను తగ్గించి చూశాను. సేల్స్ కుర్రాడు స్క్రీన్‌లో రంగులు ఎలా మార్చాలో చూపిస్తున్నాడు. వద్దులే బాబూ, కాసేపు నన్ను ఏసీ తిప్పుకోనివ్వు అన్నాను.