డమ్మీ క్యాష్ పీకేసి అసలు క్యాష్ వేసిన 486 బోర్డు: చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తా. బోర్డు బాగా నడుస్తోంది, నాకు తృప్తిగానే ఉంది. కానీ లాభం లెక్క చూసుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

1990ల మధ్యలో చవక 486 (అప్పటి ఒక ప్రాసెసర్ తరం) మదర్‌బోర్డుల్లో ఒక దొంగ వ్యాపారం నడిచింది. క్యాష్ అంటే డబ్బు కాదు, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉండే చిన్న, వేగమైన మెమరీ. దానికి వాడే ఎస్‌ర్యామ్ అనే రకం మెమరీ చిప్పులు ఖరీదు కాబట్టి, లోపల సిలికాన్ ముక్క కూడా లేని ఉత్త ప్లాస్టిక్‌కు కాళ్లు పెట్టి బోర్డుకు అతికించేవారు. కొన్నిటి మీద ‘రైట్ బ్యాక్’ (రాసిన డేటాను వెంటనే ర్యామ్‌కు పంపకుండా క్యాష్‌లోనే ఉంచుకునే పద్ధతి) అని దర్జాగా అచ్చు కూడా వేశారు. బయోస్‌నూ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మార్చేసి, ఆన్ చేయగానే 256 కేబీ క్యాష్ ఉన్నట్టు స్క్రీన్ మీద చూపించేవారు. తిరుపతి గాంధీ రోడ్డు పక్కన ఒక డీటీపీ సెంటర్ మూసేస్తుంటే నాకు దొరికిన బోర్డు ఈ బాపతే. ఎన్ని పెళ్లి పత్రికలు దీని మీద తయారయ్యాయో, పాపం క్యాష్ లేకుండానే!

స్క్రీన్ మాట నమ్మక్కర్లేదు. డాస్‌లో మెమరీ వేగం కొలిచే క్యాష్‌చెక్ గానీ స్పీడ్‌సిస్ గానీ నడిపితే బండారం బయటపడుతుంది. చదివే డేటా 486 డీఎక్స్2 ప్రాసెసర్ లోపలి 8 కేబీ క్యాష్‌ను దాటాక, 256 కేబీ వరకు మధ్యరకం వేగం ఒకటి కనిపించాలి. నా బోర్డులో ఆ మెట్టే లేదు, నేరుగా ర్యామ్ వేగానికి పడిపోయింది.

అసలు చూడాల్సింది చిప్పుల కింద బోర్డు మీద రాగి గీతలు ఉన్నాయా లేదా అని. 486 బస్సు (ప్రాసెసర్ డేటా పంపే దారి) 32 బిట్లది, ఒక్కో చిప్పు 8 బిట్లది. కాబట్టి నాలుగు చిప్పులు ఒక బ్యాంకు. ఆ నాలుగింటి అడ్రస్ కాళ్లూ బోర్డు మీద ఒకదానికొకటి కలిసి ఉండాలి. మల్టీమీటర్ బీప్ కొడితే చిప్పులు అసలువని కాదు, బోర్డు బాగుపడుతుందని అర్థం. నాది బీప్ కొట్టింది.

సోల్డరింగ్ పని లీలామహల్ సర్కిల్ దగ్గర మొబైళ్లు బాగుచేసే కుర్రాడికి అప్పజెప్పాను. “ఇంత పాతదానికి ఇంత కష్టమెందుకన్నా? ఈ దుడ్లకు ఇంకో సిస్టమే వస్తాది కదా!” అన్నాడు. నిజమే, కానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు. 14వ కాలు గ్రౌండ్‌ది. బోర్డు లోపలి రాగిపొర వేడినంతా లాగేసుకుంటుంది కాబట్టి అక్కడ సీసం ఓ పట్టాన కరగదు. బలవంతంగా లాగితే ప్యాడ్ (కాలు అతికే రాగి చోటు) ఊడివస్తుంది. అతను కొత్త సీసం కొంచెం కలిపి, ఫ్లక్స్ పూసి, ఓపిగ్గా వేడిచేసి పీల్చాడు. ఆ పైన సాకెట్లు వేయించాను. పీకిన డమ్మీ ఒకదాన్ని కటింగ్ ప్లేయర్‌తో విరిచి చూశాం. లోపల ఏమీ లేదు.

తలనొప్పంతా చిప్పులతోనే. ఆన్‌లైన్‌లో కొన్న ‘15 నానోసెకన్ల’ చిప్పుల మీద అక్షరాలు అసిటోన్‌తో తుడిస్తే పోయాయి! దొంగ క్యాష్ తీసి దొంగ క్యాష్ వేయాలా? టీఎల్866 ప్రోగ్రామర్‌లో (చిప్పుల్లో డేటా రాసే, పరీక్షించే పరికరం) పెడితే అవి శుభ్రంగా పాసయ్యాయి. ఎందుకంటే అది డేటా సరిగ్గా నిలుస్తోందా అని చూస్తుంది తప్ప వేగం చూడదు. 33 మెగాహెర్ట్జ్ బస్సు మీద మాత్రం వెంటనే హ్యాంగ్. చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో చచ్చిన బోర్డుల నుంచి పీకిన చిప్పులే పనికొచ్చాయి. ట్యాగ్ చిప్పూ (క్యాష్‌లో ఉన్నది ర్యామ్‌లో ఏ చోటిదో గుర్తుపెట్టుకునేది) అక్కడిదే. బోర్డు మీది జంపర్లను (సెట్టింగు మార్చే చిన్న పిన్నులు) 256 కేబీకి మార్చి, అదే చిప్‌సెట్‌కు సరిపోయే మామూలు బయోస్ వేరే చిప్పులో రాసి పెట్టాను.

వాడకంలో తేడా తెలుస్తుంది. డూమ్ గేమ్ వేగం కొలిచే టైమ్‌డెమోలోనూ తెలుస్తుంది, విండోస్ 3.1లో కిటికీలు గీసుకునే తీరులోనూ తెలుస్తుంది. అయితే కొత్త ప్రాసెసర్ వేసినంత ఊపు ఆశించకండి.

ఒక మెలిక ఉంది. 256 కేబీ క్యాష్‌కు 8 బిట్ల ట్యాగ్ ఉంటే 64 ఎంబీ ర్యామ్ దాకా కవర్ అవుతుంది. రైట్ బ్యాక్ పెడితే ఒక బిట్ డర్టీ బిట్‌కు (డేటా ఇంకా ర్యామ్‌కు చేరలేదనే గుర్తు) పోయి, 32 ఎంబీకే పరిమితం. 64 ఎంబీ కుక్కి రైట్ బ్యాక్ పెట్టేవాళ్లు, పై సగం క్యాష్ లేకుండానే నడుస్తోందని గుర్తించరు. నేను 32తోనే సరిపెట్టుకున్నాను.

ఎండాకాలం ఇంకో గోల. చలికాలమంతా 2-1-1-1 టైమింగ్‌తో (క్యాష్ నుంచి వరుసగా నాలుగుసార్లు చదవడానికి ఒక్కోసారి పట్టే క్లాకులు) చక్కగా నడిచిన బోర్డు, మే నెల మధ్యాహ్నాల్లో గేమ్ మధ్యలో బిగుసుకుపోయేది. మన తిరుపతి ఎండ సంగతి తెలిసిందేగా. వేగాన్ని 3-2-2-2కి తగ్గించాక ఆ టెన్షన్ పోయింది. అప్పుడప్పుడు సాకెట్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి, అంతే. పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే మాత్రం మొదట దాన్ని పీకేయండి, కారిందంటే గీతల్ని తినేస్తుంది.

ఇలాంటి బోర్డే నా దగ్గర ఇంకొకటి ఉంది. దాని మీద మీటర్ బీప్ కొట్టలేదు, గీతలే లేవు. దాని డమ్మీలను ముట్టుకోకుండా, క్యాష్ లేని బోర్డుగానే టైపింగ్‌కు వాడుకుంటున్నాను.