కందకంలో సైనికుడి బతుకు: ఫోన్ వీడియోనా, పాత ఉత్తరమా?

మొన్న ఆర్కే బీచ్‌లో మా మేనల్లుడు మురీ మిక్చర్ తింటూ ఫోన్‌లో ఉక్రెయిన్ వీడియో చూశాడు. బురద కందకం, పైన డ్రోన్, కింద పరిగెడుతున్న మనిషి. బాంబు పడింది. వాడు వేలితో పైకి తోసేసి క్రికెట్ చూడటం మొదలెట్టాడు. నా నోట మాట రాలేదు.

వీడియో అబద్ధం చెప్పదు, నిజమే. కానీ డ్రోన్ కంటికి మనిషి చీమంత. పేరుండదు, నిన్న ఏం తిన్నాడో ఉండదు. పది చూశాక పదకొండోది ఏమీ అనిపించదు.

ఉత్తరం సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 శరదృతువులో, బ్రిటిష్‌వాళ్ల తరఫున పోరాడటానికి మన సైనికులు ఫ్రాన్స్‌లోని మార్సెయిల్ రేవులో దిగి, ఆ చలిలోకే కందకాలకు వెళ్లారు. ఎలుకలు, పేలు, రోజుల తరబడి నీళ్లలో నాని కుళ్లిన పాదాలు. చదువు రానివాళ్లు పక్కవాళ్లతో ఇంటికి ఉత్తరాలు రాయించేవారు. ఆ ఉత్తరాలను తనిఖీ చేసే సెన్సార్ అధికారులు అనువదించి పెట్టుకున్న ప్రతులు లండన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి.

ఉత్తరాలతో చిక్కు ఒకటే, పిల్లలకు ఓపిక చాలదు. అందుకే ముందు వాణ్ని బీచ్‌రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిలోకి తీసుకెళ్లాను. కందకం కాదు గానీ, ఆ ఇరుకు పడకలు చూసి "ఇక్కడ నెలలు ఎలా ఉన్నారు మావయ్యా?" అన్నాడు. ఆ రాత్రే ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాం. నా ఓటు వాటికే. వీడియో చూడాల్సి వస్తే, ఆ తర్వాత, నా పక్కన కూర్చుని.