కోనసీమ తేమలో ఏ పైపుకి ఏ పొగాకు: పన్నెండేళ్ల వాడకం తర్వాత

పైపు కొనేటప్పుడు అందరూ బయటి వంపు చూస్తారు. చూడాల్సింది పొగాకు కూరే గిన్నె లోపల, స్కేలు పెట్టి. వెడల్పెంత, లోతెంత అన్నదాన్ని బట్టే పొగాకు రుచి.

వర్జీనియా ఫ్లేక్‌కి, అంటే ఒత్తి పలచటి పలకలుగా కోసిన వర్జీనియా ఆకుకి, తిన్నగా ఉండే బిలియర్డ్ ఆకారం పైపుని మించింది లేదు. నా దాని గిన్నె 18 మిల్లీమీటర్ల వెడల్పు, 40 లోతు. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, గబగబా లాగితే నాలుక మండిపోతుంది. ఇరుకు గిన్నెలో నిప్పు చిన్నదిగా, నిదానంగా దిగుతుంది. ఫ్లేక్‌ని మడిచి కూరే పద్ధతి మాత్రం ముసురు రోజుల్లో ఇక్కడ సాగదండీ, పదిసార్లు ఆరిపోతుంది. అరచేతిలో నలిపి, కాగితం మీద పలచగా పరిచి, ఫ్యాను కింద అరగంట ఉంచాలి. చిటికెడు తీసి రెండు వేళ్లతో నొక్కి వదలండి. మెల్లగా విచ్చుకుంటే పదును కుదిరినట్టు. ముద్దగా ఉండిపోతే ఇంకా పచ్చి. పొడి రాలితే ఎండిపోయింది, పొగ ఘాటెక్కుతుంది.

లటాకియా కలిసిన ఇంగ్లీష్ మిశ్రమానికి పాట్ ఆకారం. 21 వెడల్పు, 32 లోతు. లటాకియా అంటే సైప్రస్‌లో కట్టెల పొగ పట్టించిన ఆకు, చల్లగా కాలుతుంది. గిన్నె వెడల్పుగా ఉంటే కలిపిన ఆకులన్నీ ఒకేసారి అంటుకుని రుచి నిండుగా వస్తుంది. ఆ వాసన పైపులు చేసే బ్రయర్ చెక్కకి పట్టిందంటే ఇక వదలదు, అందుకే ఆ పైపులో వర్జీనియా వేయకూడదు.

నన్ను బాగా నిరాశపరిచింది బాగా వంగిన బెంట్, అదీ సువాసన పొగాకుతో. తీపి పాకం పట్టించిన ఆకు ఎంత ఆరబెట్టినా పూర్తిగా ఆరదు. ఆవిరి వంపులో నీరై చేరి గుడగుడలాడుతుంది, క్లీనరు పుల్ల వంపు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి పొగాకుకీ, బర్లీ రకం ఆకుకీ మొక్కజొన్న బెండు పైపు మేలు, తడిని తనే పీల్చుకుంటుంది. వాడాక డబ్బాలో మూసిపెడితే మాత్రం వానాకాలంలో బూజు ఖాయం.

లంకాకు పైపులో వేయొచ్చా అని అడుగుతుంటారు. అది చుట్టకి పండించే ఆకు, ఒంటరిగా వేస్తే తల తిరుగుతుంది. బర్లీలో చిటికెడు, అంతే. పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఏ పైపుకైనా ఉన్నదే.

బ్రయర్ పైపుకి వేసవిలో రెండు రోజులు, వానల్లో నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. గిన్నె లోపలి మసి పట్టు రూపాయి బిళ్ల మందం దాటితే గీకేయండి, లేకపోతే వేడికి గిన్నె పగులుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి మూతిగొట్టం బిగుసుకుంటుంది. వేడి మీద తిప్పితే కాడ చీలిపోతుంది. పూర్తిగా చల్లారాక తీసి, లోపలికి దూరే కొసకి పెన్సిల్ ములికి రుద్దితే సులువుగా తిరుగుతుంది.