వడగండ్ల వాన నాడు మిర్చి కల్లంలో 250 జీఎస్ఎం టార్పాలిన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నర్సంపేట ప్రాంతంలో మిర్చి సాగు చేసే మా కుటుంబం కొన్నేళ్లుగా కల్లంలో వాడుతున్న 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) టార్పాలిన్ గురించి, ముఖ్యంగా 2023 మార్చిలో కురిసిన వడగండ్ల వానకు అది ఎంతవరకు ఆగిందన్న విషయం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మామూలు జల్లుకు ఏ పరదా అయినా సరిపోతుంది. రాళ్ల వాన నాడే దాని సత్తా తెలుస్తుంది. మన దగ్గర మిర్చి కోసి కల్లంలో ఆరబోసేది వేసవి ముంగిట్లోనే. ఎండ వేడిమికి బంగాళాఖాతపు తేమగాలి తోడై ఉరుములు, వడగండ్లు తెచ్చే క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకునేదీ ఆ రోజుల్లోనే.

వడగండ్ల కంటే ముందు గాలి వస్తుంది, టార్పాలిన్‌కు తొలి పరీక్ష అదే. ఆనాడు తాళ్లతో గూటాలకు బిగించిన వైపు అల్యూమినియం రింగులు కొన్ని ఊడివచ్చాయి గాని, మట్టి నింపిన గోనె సంచులను అంచు పొడవునా పేర్చిన వైపు పరదా కదలలేదు. చాలామంది ఇటుకలు పెడతారు. గాలికి అంచు కొట్టుకున్నప్పుడు ఆ ఇటుకల మూలలే పట్టాను కోసేస్తాయి. కప్పే పని ఉరుములకు ముందే ముగియాలి. పిడుగుల ముప్పును తెలిపే దామిని యాప్ ఫోన్‌లో ఉంటే మేలు. పరదా ఎగిరిపోయినా సరే, మెరుపుల్లో కల్లం మధ్య నిలబడేంత విలువ ఏ పంటకూ లేదని మా బాపు ఇప్పటికీ కోప్పడతాడు.

ఇక రాళ్ల సంగతి. కాయ రాశికి ఆనుకొని పరచుకున్న చోట దెబ్బను రాశే మింగింది, పట్టా చెక్కుచెదరలేదు. రెండు రాశుల మధ్య ఖాళీ మీద బిగుసుకొని ఉన్న భాగం మాత్రం దెబ్బతిన్నది. మర్నాడు దాన్ని ఎండకు ఎత్తి పట్టి చూస్తే సూది మొనలంత వెలుతురు చుక్కలు వరుసగా కనిపించాయి. పల్లంగా ఉన్న చోట వడగండ్లు గుట్టగా చేరి, కరిగిన నీరు ఆ చుక్కల గుండానే కిందికి దిగింది. అప్పటి నుంచి మేము చిన్న రాశులను ఒకటిగా చేర్చి, నడిమి ఎత్తుగా, ఇరువైపులా వాలుగా ఉండేలా పోసిన తర్వాతే కప్పుతున్నాము.

టార్పాలిన్ చేయలేని పని ఒకటుంది: అది పైనుంచి పడే నీటిని ఆపుతుంది గాని, కాయలోంచి వచ్చే తేమను బయటికి పోనివ్వదు. వాన వెలిసిన వెంటనే తీయకపోతే లోపలి వైపు చెమ్మ పట్టి, కాయ రంగు మారి తాలుగా తేలుతుంది, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయమూ ఉంటుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అలాంటి సరుకుకు వచ్చే ధర ఎంతో రైతులకు చెప్పనక్కరలేదు.

కొనేటప్పుడు రంగు, మెరుపు చూడకుండా తూకం వేయించండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క కాబట్టి, 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న 250 జీఎస్ఎం పట్టా సుమారు 12 కిలోలు తూగాలి. ఒక దుకాణంలో అదే పేరుతో చూపించినది 9 కిలోలు కూడా తూగలేదు. ఇలాంటి టార్పాలిన్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 7903 ముద్ర ఉన్నదా అని కూడా అడగండి.

దీన్ని చంపేది వడగండ్ల కంటే ఎక్కువగా ఎండే. వేసవంతా ఆరుబయట వదిలేసిన మా పాత పట్టా పూత పొట్టులా రాలి, మడత పెట్టిన చోటల్లా పగిలింది. ఆరబెట్టి, చుట్టి, కొట్టంలో నీడన దాచినది ఇప్పటికీ పనికొస్తున్నది. ఎలుకల వల్ల పడిన చిల్లులకు అతుకులు వేసినా అవి గట్టి వానకు నిలవలేదు.

మొత్తం మీద ఖర్చుకు తగిన వస్తువే, మళ్లీ కొంటాను. అయితే కల్లమంతటికీ ఒకటే పెద్దది కాకుండా 8×6 కొలతవి రెండు తీసుకుంటాను. గాలి లేచినప్పుడు పెద్ద పరదాను ఇద్దరు మనుషులు అదుపు చేయలేరు.