మూడు వేలకే ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ జత? కొనే ముందు నా గోడు వినండి

మోడల్ విమానాలు చేసేవాళ్లలో ఎవరైనా ఆన్‌లైన్‌లో కార్డ్‌లెస్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం) సెట్ చూసి ఆర్డర్ పెట్టబోతుంటే ఒక్క పూట ఆగండి. బ్రష్ కిందే టార్చిలైటంత కంప్రెసర్ బిగించి ఉంటుంది. ఫోన్ చార్జర్‌తో చార్జింగ్, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికొచ్చే సన్నని ముక్కు), 30 పీఎస్ఐ గాలి ఒత్తిడి అని డబ్బా మీద రాసి ఉంటుంది. నేను 3,250 రూపాయలు పెట్టి కొన్నాను. ఆ డబ్బు పోయింది, దాంతోపాటు మూడు నెలలు కూర్చుని చేసిన మిగ్-21 కూడా పాడైంది.

1963 నుంచి మన వాయుసేనలో ఎగిరిన మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు కదా. అది టీవీలో చూసి, ఎప్పటి నుంచో అటక మీద ఉన్న 1/72 కిట్ (అసలు విమానంలో 72వ వంతు సైజు) దించాను. రంగు లేకుండా లోహం మెరుస్తూ ఉండే తొలినాళ్ల రూపం చేయాలని నా కోరిక. తెలిసినవాళ్లకు తెలుసు, వెండి రంగు దొంగచాటుగా ఏదీ దాచదు. కింద నిగనిగలాడే నలుపు వేసి, దాని మీద పల్చగా, సమంగా వెండి పడాలి. ఒక్క చుక్క పెద్దదిగా పడితే చాలు, ఎండలో పెట్టగానే అదే కనిపిస్తుంది. చేత్తో బ్రష్ పట్టి వేస్తే గీతలు తేలతాయనే ఎయిర్‌బ్రష్ కొన్నది.

నలుపు వేసేటప్పుడే అనుమానం వచ్చింది. రంగు సమంగా రాకుండా, దగ్గినట్టు, ఆగి ఆగి వస్తోంది. రంగు చిక్కగా ఉందేమోనని పాలంత పల్చగా కలిపాను. అయినా అంతే. వెండి వేసేసరికి రెక్కల మీద ఇసుక చల్లినట్టయింది. ఇరవై నిమిషాలకు బ్యాటరీ అయిపోయింది, కప్పులో రంగు ఆరిపోయింది. అమ్మినవాళ్లకు రాస్తే "మీరు పెయింట్ సరిగ్గా కలపలేదు" అని జవాబు. సరే, పెయింట్ గొడవే లేకుండా కప్పులో మంచినీళ్లు పోసి పాత పేపరు మీద కొట్టి చూశాను. నీళ్లు కూడా చుక్కలు చుక్కలుగానే పడ్డాయి. నీళ్లు కలపడం కూడా నాకు చేతకాదంటారా?

అసలు సంగతి మా బావమరిది తేల్చాడు. వాడు ఏసీ మెకానిక్, గేజీలు వాడి దగ్గర బోలెడు. కంప్రెసర్‌కీ బ్రష్‌కీ మధ్య గేజీ పెట్టి, ట్రిగ్గర్ వదిలేసి చూపించాడు: 26. ట్రిగ్గర్ నొక్కి పట్టుకోమన్నాడు: 9కి పడిపోయింది, అక్కడ కూడా నిలవకుండా ముల్లు ఊగుతూనే ఉంది. "బావా, డబ్బా మీద రాసింది గాలి బయటికి పోనప్పుడు ఉండే నంబరు. నువ్వు రంగు కొట్టేది గాలి పోతున్నప్పుడు" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. మన పనికి సాధారణంగా 15 నుంచి 20 పీఎస్ఐ చాలు, కానీ అది ట్రిగ్గర్ నొక్కి ఉన్నంతసేపూ నిలవాలి. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్‌లో పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా నేరుగా నాజిల్‌కి చేరుతుంది. ట్యాంకు ఉంటే ఆ దెబ్బలు అందులోనే అణిగిపోయి గాలి సాఫీగా వస్తుంది.

ఇక నాజిల్ కథ. శుభ్రం చేద్దామని వాళ్లిచ్చిన చిన్న స్పానర్‌తో విప్పి మళ్లీ బిగించాను. గట్టిగా కూడా కాదు, వేలి కొసలతోనే. మెడ దగ్గర పుటుక్కుమని విరిగి, మర ముక్క లోపలే ఉండిపోయింది. బియ్యపు గింజంత ఇత్తడి ముక్క అది. విడిగా నాజిల్ అమ్ముతారా అని అడిగితే మళ్లీ పూర్తి సెట్ కొనమన్నారు. వేరే రకం నాజిల్ తెప్పిస్తే మర కలవలేదు. హార్డ్‌వేర్ షాపు థిన్నర్‌తో కడిగినందుకు లోపలి రబ్బరు రింగు ఉబ్బి ట్రిగ్గర్ కూడా పట్టేసింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ థిన్నర్ తగలనివ్వొద్దని డబ్బాలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

కాబట్టి కొనేవాళ్లు 0.3, 30 లాంటి అంకెలు చూసి మోసపోకండి. ముందు ఆ బ్రష్‌కి నాజిల్, సూది విడిగా దొరుకుతాయా అని వెతకండి. దొరక్కపోతే అది వాడి పారేసే వస్తువు కిందే లెక్క. ఇవాటా, బ్యాడ్జర్ లాంటి పేరున్న వాటికి విడి భాగాలు అమ్ముతారు. మర లేకుండా తలలో కూర్చునే నాజిల్ ఉన్నది దొరికితే కొత్తవాళ్లకు ఇంకా మేలు, విరిచే భయం తక్కువ. రబ్బరు బదులు టెఫ్లాన్ సీళ్లు ఉన్నాయా అని కూడా అడగండి.

కంప్రెసర్ విషయంలో నేను చివరికి 3 లీటర్ల ట్యాంకు ఉన్న ఒక పిస్టన్ యంత్రానికి వచ్చాను. ఏఎస్-186 అనే నమూనా అది, రకరకాల పేర్లు అంటించి అమ్ముతుంటారు. ట్యాంకులో ఒత్తిడి 4 బార్‌కి (సుమారు 58 పీఎస్ఐ) చేరితే దానంతట అదే ఆగుతుంది, 3కి దిగితే మళ్లీ మొదలవుతుంది. రెగ్యులేటర్ తిప్పి 18 పీఎస్ఐ దగ్గర పెడితే నొక్కినప్పుడు ఒకటి రెండు తగ్గుతుందంతే. కొనేటప్పుడు కొట్లో ఇదే పరీక్ష చేయించుకోండి: ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని గేజీ చూడాలి. నొక్కనివ్వకపోతే వచ్చేయండి.

మాది విశాఖ, సముద్రపు గాలి. ఇలాంటి చోట ఉండేవాళ్లకు ఇంకో మాట. గాలిలోని తేమ ట్యాంకులో నీళ్లై చేరుతుంది. పని అయ్యాక అడుగున ఉన్న మర విప్పి ఆ నీళ్లు వదిలేయాలి. గాలిలోని తేమను పట్టే మాయిశ్చర్ ట్రాప్ లేకుండా జూలైలో రంగు వేస్తే నీటిచుక్క మీ రెక్క మీదే పడుతుంది.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చవగ్గా చేసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. చప్పుడు తక్కువన్నది నిజమే, కానీ గాలితోపాటు నూనె కూడా వస్తుంది. కరెంటు పని, ప్రెషర్ పని బాగా తెలిసినవాళ్లు కాకపోతే దాని జోలికి వెళ్లకండి.

నా డబ్బు సంగతి: వాపసు గడువు 7 రోజులు, నేను పెయింట్ తెప్పించుకుని మొదలుపెట్టేసరికి 11వ రోజు. డబ్బా విప్పేటప్పుడు తీసిన వీడియో అడిగారు, తీయలేదు. మీరు మాత్రం వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పి, నీళ్లతో కొట్టి చూడండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నాకు రెండూ జరగలేదు. అందుకే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, గేజీ ఫొటోలు, నీళ్ల పరీక్ష వీడియోతో ఫిర్యాదు నమోదు చేశాను. ఏం తేలినా ఇక్కడే రాస్తాను.

మిగ్ రెక్కలు ప్రస్తుతం 2000 నంబరు నీటి కాగితంతో రుద్దుతున్నాను. ఎడమ రెక్క మీద ప్యానెల్ గీతలు (రేకుల అతుకులను చూపే సన్నని గాట్లు) సగం అరిగిపోయాయి.